తిరిగి వెళ్ళగలిగే ఎముకలు

వెలుగు పక్షం, మూడో రోజు

ఇవాళ పనికి వెళ్ళేముందు మళ్ళీ అడిగాను. గోడకున్న పెట్టె మళ్ళీ అదే చెప్పింది.

"మీ దరఖాస్తు పరిశీలనయందున్నది. ఓపిక పట్టుడు."

ఈ పెట్టెకి తెలుగు నేర్పినవాడెవడో గానీ, దొరికిన పాత పుస్తకాలన్నీ దానికి తినిపించి మనుషుల మాట ఒక్కటీ చెవిన పడనివ్వలేదు. ఆఫీసరు తన భాషలో ఎంత విసుక్కున్నా మనకి శాసనం చదివినట్టే వినిపిస్తుంది. మొదట్లో మా ఆయనా నేనూ దాని మాటలు అనుకరించి నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నవ్వాలన్నా ఓపిక పట్టాల్సి వస్తోంది.

ఆఫీసుకి పంపే దినచర్య వేరే ఉంది. ఏ వేళకి లేచాను, ఏ వేళకి పనికెళ్ళాను, ఎంత నీళ్ళు వాడాను, అంతే. ఇది నా కోసం రాసుకునేది. కింద ఉన్న మా చెల్లెలు "ఇంకా రాలేదా?" అని అడగడం మానేసింది పాపం. అడిగి అడిగి దానికీ విసుగొచ్చినట్టుంది. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు తిన్నది అరగదు.

కింద అంటే భూమి. పైన అంటే మేమున్న ఈ చంద్రుడు. ఇక్కడెవరూ ఆ పెద్ద పేర్లు వాడరు. ఎండ ఒక పక్షం, చీకటి ఒక పక్షం ఉంటాయి కాబట్టి మాకు పక్షాలతోనే లెక్క.

నేను గుడారాల అతుకులు చూస్తాను. ఈ ఊరంతా గాలి నింపిన గుడారాల్లోనే ఉంది. బట్టకీ బట్టకీ మధ్య వేసిన అతుకు మీద మీటరు ఆనించి, లోపలికి శబ్దం పంపి, ఎక్కడ బోలుగా ఉందో చెప్పాలి. ఆ పని వచ్చినవాళ్ళు తక్కువని నాకు నైపుణ్య అనుమతి ఇచ్చి తీసుకొచ్చారు. అది ఏటేటా పొడిగిస్తారు. శాశ్వత నివాసం వస్తే మాత్రం ఇక అడిగేవాడుండడు. దాన్ని మా వాళ్ళు పక్కా అంటారు. "మీకు పక్కా అయిందా?" అన్నదే ఇక్కడ కుశలప్రశ్న.

ఐదో గుడారం లేస్తేగానీ కొత్తవాళ్ళకి గాలి చాలదట. గాలి చాలితేగానీ వరస కదలదు. ఆ ఐదో గుడారం అతుకులే నేనిప్పుడు చూస్తున్నవి.

"అంటే మన పక్కాకి అతుకులేస్తున్నది నువ్వేనన్నమాట. కాస్త చెయ్యి తొందరగా ఆడించు కామేశ్వరీ" అంటారు మా ఆయన.

మా ఆయన పేరు వీరభద్రం. నా అనుమతి కాగితంలో ఆయన ఆశ్రితుడు. ఆశ్రితులు పని చేయరాదు. కింద ఆయన కరెంటు స్తంభాలెక్కేవారు. ఎండలు ముదిరాక స్తంభం మీదే ప్రాణాలు వదిలిన ఇద్దరు స్నేహితుల్ని ఆయన చేతులతో దించారు. మూడోవాడు మీరు కాకూడదని నేనే పట్టుబట్టి పైకి లాక్కొచ్చాను. ఇక్కడ మా గదిలో దీపం ఆరిపోతే, ఆ మనిషి ఫిర్యాదు ఇచ్చి ఎవరో వచ్చి బాగుచేసేదాకా చీకట్లో కూర్చోవాలి. కూర్చుంటారు కూడా. 

చీకటి పక్షం, మొదటి రోజు

ఎముకల పరీక్షకి పిలుపొచ్చింది.

ఇక్కడ మనిషి బరువు ఆరోవంతే. మొయ్యడానికి బరువు లేకపోతే ఎముక కూడా సోమరిదైపోతుంది, గుల్లబారుతుంది. అందుకని ఆర్నెల్లకోసారి మడమ కొలుస్తారు. రెండు గీతలున్నాయి. ఎర్రగీత దాటి కిందకి జారినవాళ్ళని, ఇంకా దిగే సత్తువ ఉండగానే భూమికి పంపేస్తారు. దరఖాస్తు చెత్తబుట్టలోకి పోతుంది. ఇంకా కిందకి నల్లగీత ఉంది. అది కూడా దాటిన మనిషి భూమి బరువుకి తట్టుకోడు, పక్కటెముకలు ఊపిరితిత్తుల మీద కూలిపోతాయి. అలాంటివాణ్ణి దింపకూడదని చట్టం, ఇక్కడే ఉంచుకోవాలి. కానీ అందరినీ ఎర్రగీత దగ్గరే పట్టేసుకుంటారు కాబట్టి నల్లగీత దాకా వెళ్ళినవాడు ఎవడూ లేడు.

పక్కా అయినవాళ్ళకి ఈ పరీక్ష లేదు. ఇక్కడే ఉంటామని అడుక్కునేవాళ్ళకే ఉంది. ఉండనివ్వండి బాబూ అని దరఖాస్తు పెట్టుకున్న పాపానికి, వెళ్ళిపోగలం బాబూ అని ఆర్నెల్లకోసారి రుజువు చూపించాలి. దీన్ని రాసినవాడు ఏనాడూ ఏ వరసలోనూ నిలబడి ఉండడు.

నాకు భయం లేదు. బయట పనికి తొడుక్కునే సూటే మణుగు బరువు, నా ఎముకలు రాయిలా ఉన్నాయి. మా ఆయన సంగతి వేరు. బరువులెత్తే గదిలో మొదటి వంతు పనివాళ్ళది, మిగిలితే ఆశ్రితులది. మిగలదు. సీసం కుట్టిన చొక్కా వేసుకుని గదిలోనే గుంజీలు తీస్తారాయన. గుంజీలతో ఎముక గట్టిపడితే మా ఊరి బడిపిల్లలందరూ ఇనుప విగ్రహాలయ్యేవాళ్ళు.

అందుకే పారాణి.

ఇది మా కారిడార్ చివర ఉండే మంగతాయారు పిన్ని కనిపెట్టిన ఉపాయం. పిన్ని వంటశాలలో పని చేస్తుంది, ఆవిడా పక్కా కోసం చూస్తోంది, వరసలో నాకంటే చాలా ముందుంది. ఏడాదిన్నర కిందట ఏదో వ్రతానికని పారాణి పెట్టుకుని అలాగే పరీక్షకి వెళ్ళింది. జారిపోవాల్సిన అంకె పైకొచ్చింది. ఆలోచిస్తే తెలిసింది, పారాణి అంటే పసుపూ సున్నమూ. ఆ యంత్రానికి మడమ లోపలి సున్నానికీ మడమ మీది సున్నానికీ తేడా తెలియదు. ఆచారం కొద్దీ ఒంటిమీద పెట్టుకున్న గుర్తులు చెరపమని ఎవరూ అడగకూడదని ఇక్కడ నియమం. తోటలో మొక్కలకి వేసే సున్నం ఉంది, పసుపు కొమ్ములు పండుతున్నాయి. ఇంకేం, పరీక్ష పక్షం వచ్చిందంటే మా కారిడార్‌లో అందరికీ పెళ్ళిరోజే.

చీకటి పక్షం, ఆరో రోజు

పరీక్ష అయింది. వెళ్ళేముందు తాయారు పిన్ని మా ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని మూడు పూతలు వేసింది.

"కదలకయ్యా అల్లుడూ. పెళ్ళిలో ఇంత బుద్ధిగా కూర్చున్నావా?" అంది.

"అప్పుడు భయం లేదు పిన్నిగారూ" అన్నారాయన.

క్లినిక్‌లో కొలిచే మనిషి ఒటియెనో. ఆయనా అనుమతి మీద వచ్చినవాడే, ఆయన మడమనీ ఇంకెవరో కొలుస్తారు. మెడలో చిన్న పెట్టె వేలాడుతుంది, ఆయన ఏదో అంటాడు, అది మనకి చదువుతుంది.

"పాదమును పీఠముపై నుంచుడు. కదలకుడు." కాసేపాగి, "మరల వివాహ దినమా? ఆరు మాసముల క్రిందటనే జరిగినది గదా."

 మా ఆయన తొణకలేదు.

"మాకు రెండుసార్లు జరిగిందండీ పెళ్ళి. ఒకసారి మేం చేసుకున్నాం. పెద్దవాళ్ళు ఒప్పుకున్నాక వాళ్ళు చేశారు."

ఒటియెనో ఆ ఎర్రటి పాదాలకేసి చూసి తలూపాడు. అంకె ఎర్రగీతకి కాస్త పైన ఆగింది. వచ్చేటప్పుడు దారంతా మా ఆయన చెయ్యి పట్టుకునే నడిచాను.

వెలుగు పక్షం, రెండో రోజు

పనికి బయల్దేరి గుమ్మం దగ్గరున్నాను, లోపల్నుంచి ఆయన తుమ్మారు. ఒంటి తుమ్ము. మామూలుగా అయితే ఆయనే "ఆగు, కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళు" అంటారు. చంద్రుడి మీదకి వచ్చినా ఆ పట్టింపు వదల్లేదు. ఇవాళ ఆ మాట వినపడలేదు. వెనక్కి తిరిగి చూస్తే పక్క పట్టుకుని వంగిపోయి ఉన్నారు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

తాయారు పిన్నిని పిలిచాను. చొక్కా ఎత్తి వేళ్ళతో తడిమి చూసింది.

"ఇరిగిందమ్మా. పక్కటెముక."

"తుమ్మితేనా పిన్నీ?"

 ఆవిడ పాత నేతచీర చింపి గట్టిగా చుట్టింది.

"క్లినిక్‌కి తీసికెళ్తాను" అన్నాను.

"తీసికెళ్తే లోపలికి ఫోటో తీత్తారు. ఫోటోలో ఎముక్కి పారాణి ఎట్టలేం కదే."

ఆయన కూడా వద్దన్నారు. రెండు రోజులు పడుకుంటే అదే అతుక్కుంటుందన్నారు. అతుకుల సంగతి నాకు చెప్తున్నారు.

వెలుగు పక్షం, ఐదో రోజు

చేయకూడని పని చేశాను. మీటరు ఇంటికి తెచ్చాను.

ముందు నా మడమ మీద పెట్టి చూశాను. క్లినిక్‌లో నాకిచ్చిన అంకే దాదాపు వచ్చింది. అంటే మీటరు ఎముకని కూడా అబద్ధం లేకుండా చదువుతోందన్నమాట. తర్వాత తడిగుడ్డతో ఆయన మడమ రుద్ది పెట్టాను. అంకె చూశాను. మీటరు తుడిచి మళ్ళీ పెట్టాను. మోకాలి కింద ఎముక మీద కూడా పెట్టాను.

"ఎంతుంది?" అన్నారు.

"ఎర్రగీతకి కొంచెం కింద."

"నీకు అబద్ధమాడ్డం రాదే. అతుకు బాగుంటే ఒక్కసారి పెట్టి పక్కదానికి వెళ్ళిపోతావు. మూడుసార్లు పెట్టావు."

చెప్పేశాను. నల్లగీత కూడా దాటిపోయారు. ఎప్పుడు దాటారో తెలియదు. ఎర్రగీత దగ్గర ఆయన్ని పట్టుకోవాల్సిన యంత్రం సున్నాన్ని కొలుస్తూ కూర్చుంది, ఈలోగా ఎముక కరిగిపోయింది. చాలా సేపు ఇద్దరం గోడకి ఆనుకుని కూర్చున్నాం. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో ఏదో ఉండాలి, అది ఎప్పుడో అయిపోయింది.

ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తే ఆయన్ని దింపరు, అది నిజమే. కానీ పరీక్షలో మోసమని నా దరఖాస్తు పోతుంది, నన్ను దింపేస్తారు. కారిడార్ గుట్టంతా బయటపడుతుంది. ఐదో గుడారానికి ఇంకెన్నో అతుకులు లేవు. అది పూర్తయితే వరస కదులుతుంది. పక్కా వచ్చిందంటే ఇక ఆయన మడమ ఎవడికీ అక్కర్లేదు.

"ఇంకొక్క పక్షం ఓపిక పట్టుడు" అన్నారాయన, పెట్టె గొంతుతో. పక్క నొప్పెడుతుంటే నవ్వబోయి ఆపుకున్నారు.

సరే అన్నాను.

చీకటి పక్షం, నాలుగో రోజు

చివరి అతుకు నేనే చూశాను. బోలు లేదు. ఒక్కసారే పెట్టాను.

గుడారం మెల్లగా లేచి నిలబడుతుంటే మాతో పనిచేసేవాళ్ళందరూ సూట్లలోనే చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి చప్పుడుండదు. పెద్ద ఆఫీసరు ఏదో ఉపన్యాసం ఇచ్చాడు. "మీ హస్తకౌశలమునకు పట్టణము ఋణపడియున్నది" అంది పెట్టె. తాయారు పిన్ని సేమ్యా పాయసం కాచి కారిడార్ అంతా పంచింది. ఆవిడ ముందు ఇద్దరే మిగిలారట. ఇంకొక్క పరీక్ష అయితే ఆవిడకి పక్కా.

"మీ నంబరు రావడానికి కూడా ఎంతోకాలం పట్టదే" అంది.

చాలాకాలానికి కంటినిండా నిద్రపోయాను.

చీకటి పక్షం, తొమ్మిదో రోజు

పెట్టె పిలిచింది. తనంతట తాను పిలవడం ఇదే మొదటిసారి. పరుగున వెళ్ళాను.

"ఐదవ గుడారము పూర్తియైన కారణమున, అతుకుల పరిశీలనయందు నైపుణ్యమునకు కొరత లేదని నిర్ణయింపబడినది. ఆ వృత్తి కొరత జాబితా నుండి తొలగింపబడినది. మీ అనుమతి ఈ పక్షముతో ముగియును. మీరును మీ ఆశ్రితుడును తదుపరి నౌకయందు దిగవలెను. దిగుటకు ముందు ఎముకల పరీక్ష జరుగును."

"మరి నా దరఖాస్తు?" అన్నాను.

"వృత్తి లేని దరఖాస్తు నిలువదు. మీ ఓపికకు ధన్యవాదములు."

ఇన్నేళ్ళూ ఎక్కడా బోలు లేకుండా చూసుకున్నందుకు ఇదీ ఫలితం. అతుకులు బాగున్నాయట, ఇక అతుకులు చూసేవాళ్ళు అక్కర్లేదట. కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ ఎంతోసేపు నిలబడలేదు. దాని వెనకే భయం వచ్చింది. తదుపరి నౌకలో ఆయన దిగడమంటే ఏమిటో నాకూ ఆయనకీ తప్ప ఆ పెట్టెకి తెలియదు. దాని దగ్గరున్న కాగితం ప్రకారం మా ఆయన ఎముకలు భేషుగ్గా ఉన్నాయి.

చీకటి పక్షం, పదో రోజు

పెళ్ళయ్యాక ఇంత గట్టిగా పోట్లాడుకోలేదు.

"పారాణి పెట్టుకుంటాను. పరీక్ష పాసవుతాను. కలిసి దిగుదాం" అన్నారు.

"దిగి?"

"అందరూ చచ్చిపోతారా ఏంటి? పడుకుని ఉంటాను. ఆసుపత్రిలో ఊపిరి యంత్రం పెడతారు. మెల్లగా అలవాటవుతుంది."

"తుమ్మితే ఎముక విరిగింది మీకు."

"మరి నేనిక్కడుండి ఏం చెయ్యను? నాకీ ఊళ్ళో ఏముంది? నువ్వు తీసుకొస్తే వచ్చాను. నువ్వు పోతే ఈ గదిలో నేనొక్కణ్ణీ ఎవర్ని చూసుకుంటూ కూర్చోవాలి?"

 ఎండల నుంచి తప్పించాలని ఆయన్ని పైకి తెచ్చిందీ నేనే. పారాణి పెట్టించిందీ నేనే. ఆయనెప్పుడూ అడ్డు చెప్పలేదు. మొదటిసారి ఏదో కావాలని అడుగుతున్నారు, అదీ నాతో రావడం. సరే అనాలని ఎంత అనిపించిందో చెప్పలేను. స్తంభం మీద నుంచి దించిన ఆ ఇద్దరిలో ఒకడి పెళ్ళాం నాకు తెలుసు. ఆవిడ మొహం గుర్తొచ్చి సరే అనలేకపోయాను.

మా గొడవ విని తాయారు పిన్ని వచ్చింది. సంగతంతా చెప్పాను. నల్లగీత గురించి ఆవిడకి తెలియదు. విని కూలబడిపోయింది.

"పాదాలు కడిగి తీసికెళ్తాను పిన్నీ" అన్నాను.

"ఒకేసారి అంత పడిపోతే ఎందుకని అడుగుతారు. పారాణి సంగతి బయటపడుతుంది. నువ్వు ఆయన కాళ్ళు కడిగితే మా అందరి కాళ్ళూ కడిగినట్టే."

"తెలుసు."

"నాకు ఇద్దరే ఉన్నారే ముందు."

"తెలుసు పిన్నీ."

ఆవిడ లేచి, మా ఆయన కేసి ఒకసారి చూసి, వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

చీకటి పక్షం, పన్నెండో రోజు

మా ఇద్దరి నీళ్ళ కోటా పళ్ళెంలో పోసి ఆయన పాదాలు కడిగాను. ఆయన మొహం తిప్పుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. ఇంకా అంటి ఉన్న కాస్త సున్నమూ పోయింది. పసుపు పచ్చదనం పగుళ్ళలో మిగిలిపోయింది. ఎంత రుద్దినా పోలేదు.

క్లినిక్‌లో నాకు ముందు అయింది. రాయి. "అవరోహణమునకు అర్హురాలు" అంది పెట్టె. తర్వాత ఆయన పాదం పెట్టారు. ఒటియెనో అంకె చూసి, యంత్రం ఆపి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. ఆయనా మూడుసార్లు పెట్టాడు.

"యంత్రము చెడినదేమో. గత పరీక్షయందు ఇట్లు లేదు."

"యంత్రం బాగానే ఉందండీ" అన్నాను. "ఇన్నాళ్ళూ మీరు సున్నం కొలిచారు. ఇవాళ ఎముక కొలిచారు."

పెట్టె అది ఆయన భాషలోకి మార్చింది. ఒటియెనో వంగి, ఆయన మడమ పగుళ్ళలో ఉన్న పచ్చదనాన్ని వేలితో తాకి చూశాడు.  తర్వాత నెమ్మదిగా మాట్లాడాడు, పెట్టె మాత్రం ఎప్పటిలాగే చదివింది.

"నేనిది తెలియజేయక తప్పదు. ఈ వ్యక్తి అవరోహణమునకు అనర్హుడు. దింపరాదు. దింపరాని వ్యక్తి శాశ్వత నివాసి యగును."

బల్ల కిందనుంచి ఒక బిళ్ళ తీసి, ఏదో నొక్కి, మా ఆయన చేతిలో పెట్టాడు. పక్కా. దాని కోసం వరసల్లో నిలబడి, గోడల్ని అడిగి, ఏళ్ళకేళ్ళు ఎదురుచూశాం. నీళ్ళు తాగినంత సేపట్లో ఇచ్చేశాడు.

"నేను?" అన్నాను.

"మోసమునకు శిక్ష దింపుటయే. మిమ్ము ఎటులైనను దింపుచున్నారు. కింది నుండి శాశ్వత నివాసికి ఆశ్రితురాలిగా దరఖాస్తు చేయవచ్చును." ఆగి, "మరల వచ్చినయెడల పాదములు కడుగుకొని రావలెను" అంది పెట్టె. ఒటియెనో అది నవ్వుతూ అన్నాడో కోపంగా అన్నాడో నాకు తెలియలేదు. ఆయన మొహం చూసే ధైర్యం లేకపోయింది.

ఇంటికొచ్చాక మా ఆయన ఆ బిళ్ళ మంచం మీద పడేసి, "సంతోషమా?" అన్నారు.

"బతికుంటారు" అన్నాను.

ఇద్దరం ఏడ్చాం. ఈసారి వచ్చింది ఏడుపు.

చీకటి పక్షం, చివరి రోజు

"అందరును పాదములు కడుగుకొని పరీక్షకు రావలెను" అని పెట్టె ప్రతి గదిలోనూ చెప్పింది. మా కారిడార్‌లో ఏడుగురు ఎర్రగీత కింద తేలారు. తాయారు పిన్ని అందులో ఉంది. నాతో ఎవరూ మాట్లాడటం లేదు. వాళ్ళని నేనేమీ అనను. వాళ్ళ స్థానంలో నేనుంటే నేనూ మాట్లాడను.

నౌకలో నా పక్క సీటు పిన్నిదే పడింది. వరసలో ఎవరెక్కడుంటారో నిర్ణయించేవాడికి ఇదో సరదా కాబోలు. పట్టీలు కట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. నౌక కదిలాక నోరు విప్పింది.

"నా ఎముకలు ఎర్రగీత కిందకి ఎప్పుడు జారాయో తెలుసా? ఏడాది పైనే అయిందంట. ఇంకో రెండుసార్లు పారాణి ఎట్టుంటే నాకూ మీ ఆయన గతేనని చెప్పాడు ఆ ఒటియెనో."

నేను నా పట్టీ సర్దుకున్నాను.

"అందుకని నీ మీద కోపం పోయిందనుకోకు. పోలేదు" అంది. కాసేపటికి, "అల్లుడికి పచ్చళ్ళ జాడీ ఇచ్చొచ్చాను. వండుకోడం వచ్చా?" అని అడిగింది.

"వచ్చు పిన్నీ. ఇన్నేళ్ళూ వండింది ఆయనే."

కింద. తేదీలు ఇక్కడ వేరు

పడుకునే రాస్తున్నాను. చెయ్యి ఎత్తాలంటే ఎవరో పట్టుకుని లాగుతున్నట్టుంది. ఎముకలు బాగానే ఉన్నాయట, కండలే అలవాటు పడాలట. కిటికీ అవతల వేడిగాలి. మా చెల్లెలు రోజూ వచ్చి వెళ్తోంది. ఏమీ అడగడం లేదు.

మా ఆయన నిన్న మాట్లాడారు. పక్కా అయిన మర్నాడే పని ఇచ్చారట, ఐదో గుడారంలో దీపాలు పెట్టే పని. అక్కడ నిచ్చెన మీంచి పడినా ఏమీ కాదు, మెల్లగా దిగుతాడు మనిషి. బోలెడు కబుర్లు చెప్పారు. గొంతులో కొత్త హుషారుంది. అది విని సంతోషం వేసింది, వెంటనే గుండెలో కలుక్కుమంది. ఈ రెండూ నిజమే.

"నువ్వు చూసిన అతుకుల కిందే దీపాలు పెడుతున్నాను" అన్నారు. 

ఇవాళ మా చెల్లెలు చక్రాల కుర్చీలో తీసికెళ్తే దరఖాస్తు నింపాను. ఇక్కడి ఆఫీసులో కూడా అదే పెట్టె, అదే గొంతు. పేరు చెప్పాను. శాశ్వత నివాసితో సంబంధం, భార్య. ఆశ్రితురాలిగా వచ్చినచో పైన ఏ పనియు చేయనని హామీ ఇత్తురా, అంది. ఇచ్చాను.

తర్వాత నైపుణ్యం గడి వచ్చింది. అతుకుల పరిశీలన అని చెప్పబోతుంటే వరసలో పక్కనున్నావిడ నా చెయ్యి గిల్లింది. ఏదో ఒకటి చెప్తే పనివాళ్ళ వరసలోకి తోసేస్తుందట. ఆ జాబితాలో నా వృత్తి లేదు కాబట్టి దరఖాస్తు అక్కడే తిరగ్గొడుతుందట. ఆశ్రితుల వరసలో ఉండాలంటే ఏమీ రాదనాలి. ఆవిడ డాక్టరు. పైనున్న భర్త దగ్గరికి వెళ్ళడానికి మూడేళ్ళుగా ఏమీ రాదంటూ కూర్చుంది.

లేదని చెప్పాను.

"నైపుణ్యము ఏమియు లేదు" అని చదివి వినిపించింది పెట్టె. "నిర్ధారించుడు."

నిర్ధారించాను.